ఎర్తింగ్ గుంటకు చెంబుడు నీళ్లు

డైరీ ఫార్మ్ అనే పేటలో మా కొత్త ఇంటికి ఎర్తింగ్ వేస్తున్న ఎలక్ట్రీషియన్ "దీదీ, థోడా నమక్" అని ఉప్పు అడిగాడు. గుంటలో బొగ్గుల మీద ఉప్పు చల్లి నీళ్లు పోయగానే లేచిన తడిబొగ్గు వాసనకు ఫెరార్‌గంజ్‌లో మా చిన్నప్పటి ఇంటి పెరడు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. తడి చేత్తో పెరట్లోని ఇనుప కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ఒకరోజు షాక్ కొట్టి అమ్మ బిందె వదిలేసి కింద పడింది. వైరింగ్ పని చేసే నాన్న మర్నాడే గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, కుళాయిలోకి వచ్చే కరెంటు నేలలోకి పోయేలా గొట్టానికి కట్టిన తీగను అందులోకి దించాడు. ఆ వారమే ఓడెక్కి కార్ నికోబార్ దీవికి పనికి వెళ్తుంటే నేను ఏడ్చాను.

"గుంట ఆరిపోకూడదమ్మా, రోజూ చెంబుడు నీళ్లు పొయ్యి. ఆ తీగ భూమిలోకెల్తాది. నానుండేదీ ఆ భూమ్మీదే కదా," అన్నాడు.

"సముద్రం కింద కూడా నేలుంటాదా?" అని అమ్మనడిగాను.

"ఉండకేం?" అంది.

ఇంకేం, తీగ నాన్న దాకా వెళ్తుందనుకున్నాను. రోజూ నీళ్లు పోసి, బడిలో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదన్న సంగతి కూడా గుంటకే చెప్పేదాన్ని. తర్వాత తడి చేత్తో కుళాయి పట్టుకుని, నాన్న జవాబుగా చెయ్యి జివ్వుమంటుందేమోనని చూసేదాన్ని. ఒక్కసారీ అనలేదు. వానలు మొదలయ్యాక కూడా, చాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి, తడుస్తూ పోస్తూనే ఉన్నాను.

ఇవాళ ఎలక్ట్రీషియన్ వెళ్లాక తడి చేత్తో కొత్త కుళాయి పట్టుకున్నాను. చేతికి ఏమీ తెలియలేదు. ఆ రోజుల్లో నాన్న రోజూ పంపిన జవాబు ఇదే.