చుక్కాని అతుకు

ఇరవై ఏళ్లుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నలుగురినీ నవ్వించేవాడి గొంతులో ముల్లుందని ఎవరనుకుంటారు? మీకు చెబుతున్నాను. ఐదో తరగతిలో బడి మానేసినవాడి రాత, వంకరలుంటే సర్దుకోండి.

అప్పట్లో నేను ఈ దీవిలో, హాడో రేవు దగ్గర పడవలు బాగుచేసే షెడ్డులో వెల్డర్ని. నా స్నేహితుడు అప్పన్న, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట చేసుకునేవాడు, తన పడవ చుక్కాని తెచ్చాడు. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలు, రేకు మామూలు ఇనుము. రెండూ విడిపోయాయి. వాటిని కలపడానికి వేరే రకం వెల్డింగ్ రాడ్డు కావాలి. అది అయిపోయింది. మద్రాసు ఓడ వస్తేగానీ రాదు.

అప్పన్న ఆగుతానన్నాడు. అది రాయకపోతే ఈ రాత కూడా అబద్ధమే. నా చేతికి అతకని ఇనుము లేదని అబర్డీన్ బజారంతా కోతలు కోసిన నేనే ఆగలేక, మామూలు రాడ్డుతో అతికించాను.

అతుకు ముచ్చటగా వచ్చింది. చల్లారుతూ టిక్ మంది. కాసేపటికి మళ్లీ టిక్. లోపల బీట పడితేనే అలా పలుకుతుంది. ఏ వెల్డర్నైనా అడగండి.

"ఏట్రా ఆ సప్పుడు?" అన్నాడు అప్పన్న.

"కొత్త కాపురం బావా. స్టీలు పెద్దింటి పిల్ల, ఇనుమేమో మనలాటోడు. రెండ్రోజులు సణుక్కుంటారు. తర్వాత సబ్ ఠీక్."

కడుపు పట్టుకుని నవ్వాడు. "ఈ మాట మీ సెల్లి పైడమ్మకి సెప్పాలిరా."

అతను నవ్వుతుండగానే అతుకు మీద రంగు పూసేశాను.

మూడో రోజు వేటలో ఉండగా గాలికి చుక్కాని ఊడింది. పడవ రాళ్లకు కొట్టుకుంది. పడవలో తోటివాళ్లిద్దరు ఈదుకుంటూ వచ్చారు. అప్పన్న రాలేదు. రాయి తగిలి ఊడిందన్నారంతా. నేనూ తలూపాను. తెలియక చేశానా? తెలుసు. ఆ టిక్కు విన్నప్పుడే అతుకు కోసేసి, నాకు చేతకాలేదు బావా, ఓడ వచ్చేదాకా ఆగు అని ఉంటే, నా పరువు ఒక్క సాయంత్రం నవ్వులపాలయ్యేది, అంతే కదా?

అప్పన్న భార్య పైడమ్మ డాలీగంజ్‌లో ఉంటుంది. పెళ్లిళ్లలో కనబడితే పక్కన కూర్చుని ఆ కొత్త కాపురం మాటే ఎత్తుతుంది. "ఆ రోజు ఇంటికొచ్చి సెప్పి సెప్పి నవ్వినాడు భయ్యా. నీ వల్లే."

నేనూ నవ్వుతాను.

ఆమెకు చెప్పలేదు. చెబితే మిగిలిన ఆ నవ్వునూ లాక్కున్నట్టేనని అనుకుంటాను. అది జాలా, పిరికితనమా? పిరికితనమే అయ్యుంటుంది.

ఆ చప్పుడు విన్నాను. విని, నవ్వించాను. ఇంతకాలానికి కాగితం మీద పెట్టాను. ముల్లు పోలేదు. కొంచెం కదిలింది.