ఇంజనులో తెగిన తాడు

మా ఆయన వ్యాను ఆ వానకాలంలో పొగ వదలడం మొదలుపెట్టింది. పొద్దున స్టార్టు చెయ్యగానే నీలం పొగ లేచి వాకిలంతా కమ్మేది. కండ్లకోయలో ఒక కాలేజీ వంటింట్లో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లను మా శామీర్‌పేట నుంచి రోజూ పొద్దున తీసుకెళ్లి దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. వాళ్లు ఊరుకుంటారా?

“దోమల పొగ కొట్టే పని గూడ నీకే ఇచ్చిన్రా తాతా?” అనేది ఒకామె.

“నవ్వకే. నా చీరె వాసన జూడు. కాలేజీ పిల్లలు ముక్కులు మూసుకుంటున్రు,” అనేది ఇంకొకామె.

ఒక శనివారం మా వాకిట్లోనే తేల్చేశారు. “సోమవారం గూడ గిట్లనే పొగొస్తే వేరే బండి జూస్కుంటం తాతా. ఏమనుకోకు.”

ఆ ఆరుగురు తప్ప ఆయన బండి ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పూటే మేడ్చల్ వెళ్లి వాల్వు సీళ్లు తెచ్చాడు. వేలికొనంత రబ్బరు టోపీలు. అవి అరిగిపోతే ఆయిలు లోపలికి కారి కాలుతుందట, పొగ అందుకేనట. షెడ్డుకు ఇవ్వొద్దు, నీకు రాని పనా అన్నది నేనే.

ఆదివారం పొద్దున్నే సీటు ఎత్తి, ఇంజను పైమూత తీశాడు. సీలు మార్చాలంటే స్ప్రింగు తియ్యాలి. స్ప్రింగు తీస్తే వాల్వు ఇంజనులోకి జారిపోతుంది. అందుకని ప్లగ్గు తీసిన బొక్కలోంచి తాడు దూర్చి ఇంజనును చేత్తో తిప్పాలి. పిస్టను పైకొచ్చి ఆ తాడును అదిమితే వాల్వు కదలదు. వయసులో జీపుల షెడ్డులో నేర్చుకున్న పని ఆయనకు.

“ఏమే, పెట్టెల కొత్త తాడున్నది గదా, తియ్యి.”

“కొత్తది తెచ్చి ఆయిల్ల ముంచుతవా? దండెం తాడున్నది, గదే పెట్టు.”

“ఎండకు మాడింది గది. పోగులు లేస్తున్నయ్.”

“తడి బట్టలు మోస్తలేదా? మస్తు గట్టిగున్నది. నీకన్న నయమే.”

నవ్వి తీసుకున్నాడు. నవ్వకుండా నాలుగు మాటలు అని ఉండాల్సింది.

మూడు సిలిండర్లలో రెండు బాగానే అయ్యాయి. మూడోదానికీ సీళ్లు వేసి, స్ప్రింగులు బిగించి, తాడు లాగితే రాలేదు. ఇంజనును కాస్త వెనక్కి తిప్పి మళ్లీ లాగాడు. మూరెడు ముక్క చేతికొచ్చింది. మిగతాది వాల్వు కింద ఇరుక్కుని లోపలే ఉండిపోయింది. సాయంత్రం దాకా తీగ వంచి కెలికాడు. ఉత్త పోగులు వచ్చాయి.

“ఇంజను మీది హెడ్డంత ఊడదీసి దించాలె ఇగ. నాతోని గాదు,” అని చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

సోమవారం ఆడవాళ్లు వచ్చేసరికి తనే ఎదురు వెళ్లాడు. “బండి ఖరాబైంది బిడ్డా. పాత తాడు పెట్టిన, తెగింది. నాదే తప్పు.” నేను వెనకే బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. వాళ్లు రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఎక్కారు.

షెడ్డువాళ్లు పది రోజులు పెట్టుకున్నారు. వ్యాను తిరిగి వచ్చింది, పొగ లేదు. ఆడవాళ్లు అప్పటికే వేరే బండికి అలవాటు పడ్డారు. ఆయన రెండుసార్లు వెళ్లి పిలిచాడు. “నీ బండి మళ్లెప్పుడు ఖరాబైతదో తాతా, మాకు టైముకు పోవాలె,” అన్నారట. వ్యాను అమ్మేశాం.

ఇప్పుడు కొంపల్లిలో విల్లాల గేటు దగ్గర నిలబడి, వచ్చే కారుకూ పోయే కారుకూ అడ్డకర్ర ఎత్తుతున్నాడు. ఇంట్లో ఒక్కసారి కూడా ఆ తాడు మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, అక్కడితో తీరిపోయేది. ఆ వీలు కూడా నాకు ఇవ్వలేదు.

మొన్న నేనే అడిగాను. “ఆ దినం నా పేరెందుకు చెప్పకపోతివి?”

“చెప్తే బండెక్కుతుండిరా వాళ్లు?” అన్నాడు. బూట్లు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయాడు.