ఆముదం పోసిన పాట

పోయిన వారం మార్కాపురం నుంచి మా బావ, మేనత్త కొడుకు, ఫోన్ చేసి, "అమ్మ పోయింది, బయల్దేరి రా" అన్నాడు. గిద్దలూరులో బస్సెక్కి కంభం దాటేదాకా ఏడుస్తూనే కూర్చున్నాను. ఆ తర్వాత పక్క సీటాయన ఫోన్‌లో పాట పెట్టుకున్నాడు. స్పీకరు పాడైనట్టుంది, పాట గరగరమంటోంది. మా అత్త ఉండుంటే ఆయన భుజం తట్టి మరీ, "ఏం నాయనా, అది ఎట్ల పాడుతాందో నువ్వొకసారి పాడి చూపియ్యి" అని అడిగేది. అది తలుచుకోగానే ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆయన నా వైపు అనుమానంగా చూసి పాట ఆపేశాడు.

ఆమె మా నాన్నకు అక్క. మార్కాపురం బజారులో వాళ్లది ఫ్యాన్సీ దుకాణం. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, ఒక మూల వాక్‌మన్‌లు, చేతిలో పట్టేంత టేప్ రికార్డర్లు. మామయ్యకు అమ్మడమే తెలుసు, బాగుచెయ్యడం తెలియదు. చెడిపోయి తిరిగొచ్చిన వాటిని బల్ల కింద గంపలో పడేసి, "కంపెనీకి పంపించినాం, వస్తాది" అని చెప్పేవాడట. ఒకరోజు ఆ గంప తగిలి అత్త బోర్లా పడబోయింది. ఆ కోపంలో చేతికందిన వాక్‌మన్ తీసుకుని, మామయ్య వద్దంటున్నా వినకుండా మరలు విప్పేసింది. "తెరిస్తే తెలుస్తాది గదా లోపల ఏముండాదో" అన్నదట. ఆ తర్వాత ఆమె తెరవని వస్తువు ఆ ఇంట్లో మిక్సీ ఒక్కటే. అదీ బావ భార్య దాచిపెట్టడం వల్ల.

మామయ్య పోయి, దుకాణం బావ చేతికొచ్చి, వాక్‌మన్‌లు అమ్మడం మానేసినా, వాటిని బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు మాత్రం మానలేదు. అత్త పద్ధతి వాళ్లందరికీ తెలుసు. వస్తువును అంత సులువుగా ముట్టుకునేది కాదు. ముందు తెచ్చినవాళ్లు పాడాలి. సాగదీసి పాడితే బెల్టు వదులైందని, వణికిస్తూ పాడితే టేపు లాగే చక్రానికి మురికి పట్టిందని, ఒక చెవి మూసుకుని పాడితే హెడ్‌ఫోన్ వైరు లోపల తెగిందని ఆమె లెక్క. అసలు నోరే తెరవకపోతే, "ముందు బ్యాటరీ చూడు, తర్వాత దేవుణ్ణి తలుచుకో" అనేది. ఒకసారి యూనిఫారంలో ఉన్న కానిస్టేబుల్ ఒకాయన అటూ ఇటూ చూసి గొంతులోనే పాడాడు. "అంత మెల్లగా పాడితే సౌండు రావటం లేదనుకోవాల్నా?" అని అత్త అడిగింది. పాపం, ఆయన గొంతెత్తక తప్పలేదు. గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ రోజు గాజులు కొనకుండానే నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఆమెకు విసుగు తెప్పించేది ఒక్కటే, ఆముదం. మా వైపు తిరగాల్సింది తిరగకపోతే ఆముదం పోస్తారు. బండి ఇరుసుకూ అదే, బావి గిలకకూ అదే. ఆ అలవాటు కొద్దీ టేప్ రికార్డర్‌కూ పోసేవాళ్లు. లోపలి రబ్బరు బెల్టుకు నూనె అంటి, జారి, పాట ఇంకా నీరసపడేది. చాల్లేదేమోనని ఇంకో రెండు చుక్కలు వేసేవాళ్లు. "దీనికేమన్నా కడుపు నొప్పా ఏంది, ఆముదం తాపినారు?" అని అత్త దూదికి స్పిరిట్ అద్ది తుడుస్తూ తిడుతుంటే, తెచ్చినవాళ్లు రోగం తెలిసిపోయిన రోగుల్లా నిశ్చింతగా కూర్చునేవాళ్లు.

అలాంటి మనిషికి చెవులు మందగించాయి. చెవికి మిషను పెట్టిస్తే, "బజారంతా నా తల్లోకొచ్చి కూర్చున్యాది" అని తీసి అవతల పెట్టింది. మోటారు మీద వేలు ఆనించి, ప్లేయరును దవడకు అదిమి పట్టుకుని పని నడిపించేది. బావకు ఆ బల్ల ఉన్నచోట మొబైల్ కవర్లు పెట్టాలని ఉండేది. "వినపడకుండా రిపేర్లేందమ్మా, ఇంక చాలు" అనేవాడు. "ఒక్కటంటే ఒక్కటి తప్పు చేసి పంపిస్తే, ఆ పొద్దే బల్ల నీకిచ్చేస్తా" అని అత్త మాటిచ్చింది. ఉత్తుత్తి మాట కాదది. ఆ ఇంట్లో ఆమె నాది అనుకున్నది ఆ బల్ల ఒక్కటే. అది పోతే తను మూల కూర్చుని మందులేసుకునే ముసలమ్మ అయిపోతానని ఆమె భయం. నాతో చాలాసార్లు అన్నది కూడా.

పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లె నుంచి ఒక కోలాటం అక్క వచ్చేది. వాళ్ల గురువు పాడి ఇచ్చిన క్యాసెట్ ఒకటి, దాన్ని వాయించే చేతి టేప్ రికార్డర్ ఒకటి, ఆ రెండే ఆమె కోలాటం జట్టుకు ఆస్తి. ఫోన్‌లో ఎక్కించుకోవచ్చు కదా అని నేనడిగితే, "మధ్యలో ఎవురో ఒకరు ఫోన్ చేస్తారు, ఆట ఆగిపోతాది" అన్నది. ఆ టేప్ రికార్డర్‌కు జట్టంతా కలిసి ధారాళంగా ఆముదం పోశారు. అత్త శుభ్రం చేసి, కొత్త బెల్టు వేసి, వేలితో చూసుకుని పంపించింది.

కొన్నాళ్లకు ఆ అక్క జట్టును వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. గజ్జెలు కొనడానికి నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. "పెద్దమ్మా, మా గురువు చంటిపిల్లోడి మాదిరి పాడుతాన్నాడు. కోలలు కలవటం లేదు, ఒకరి ఏళ్ల మీద ఒకరం కొట్టుకుంటాన్నాం" అన్నది. అత్తకు వినపడలేదు. బావ చెవి దగ్గరికి వంగి చెప్పాడు. పాత బెల్టు జారుతోందని ఎవరో ఎప్పుడో మోటారు వేగం పెంచి పెట్టారు. కొత్త బెల్టు బిగుతుగా పట్టేసరికి పాట పరుగందుకుంది. చెవులు బాగుంటే అత్త ఒక్క నిమిషంలో పట్టేసేది.

అత్త స్క్రూడ్రైవర్లన్నీ స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టి, "తీసుకో నాయనా, నీ కవర్లు పెట్టుకో" అన్నది. ఎన్నాళ్లుగానో ఆ బల్ల అడిగిన బావ దాన్ని ముట్టుకోలేక నేల చూశాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది తీసుకునేది?" అత్త చెవి దగ్గర గట్టిగా అన్నది కోలాటం అక్క. "తిరునాళ్లలో ఆట ఉండాది మాకు. నువ్వు చెయ్యకుంటే ఎవురు చేస్తారు?"

"నాకు వినపడదమ్మా."

"పాట వినపడకుంటే ఆట కనపడదా?" అని ఆమె చేతులు తిప్పి చూపించి, సంచిలోంచి కోలలు తీసింది.

దుకాణం ముందు ఆడవాళ్లు వలయం కట్టారు. బావ రోడ్డు మీదికి దిగి, ఎవరూ చెప్పకుండానే మోటారు సైకిళ్లను ఆపాడు. పాట మొదలైంది. కోలలు గాల్లో ఒకదాన్నొకటి తప్పిపోతున్నాయి. అత్త డబ్బా తెరిచి, సన్నటి స్క్రూడ్రైవరు మోటారు వెనక రంధ్రంలో పెట్టి, కళ్లు కోలల మీదే ఉంచి తిప్పింది. మరీ తిప్పేసరికి పాట సాగిపోయి, ఎత్తిన కాళ్లు దించడానికి తోచక అందరూ కొంగల్లా నిలబడ్డారు. నవ్వులు. వెనక్కి కొంచెం. ఇంకా కొంచెం. ఉన్నట్టుండి కోలలన్నీ ఒక్కసారే కలిశాయి.

బల్ల చివరిదాకా ఆమెదే. పోయిన వారం వెళ్లినప్పుడు దాని మీద ఎవరిదో ప్లేయరు సగం విప్పి ఉంది, మరలు సీసా మూతలో ఉన్నాయి. బావ దాన్ని కదిలించనివ్వడం లేదు. నేను అక్కడ నిలబడి ఏడవాలనుకున్నాను గానీ, ఆ కోలాటం రోజే గుర్తొచ్చింది. ఆడవాళ్లు అలసిపోయి, కోలలు చంకలో పెట్టుకుని చెమట తుడుచుకుంటున్నారు. టేపు ఆపాలని ఎవరికీ తోచలేదు. అత్త దాన్ని రెండు చేతులా దవడకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఆట ఆగిపోయినా, కింద బల్ల కోడు పక్కన, ఆమె కుడి పాదం ఒక్క దెబ్బ తప్పకుండా తాళం వేస్తూనే ఉంది.