అవ్వ చన్నీళ్ల మొక్కు

నా చిన్నప్పుడు చలి ముదరకముందే మా ఇంట్లో కట్టెలు పంచుకునే పని మొదలయ్యేది. చిట్యాల దాటి లోపలికి పోతే మా ఊరు. మాది మగ్గం ఇల్లు. గుంట భూమి లేదు కాబట్టి పొయ్యిలోకి పుల్ల కావాలన్నా రైతుల చేలే దిక్కు. ఆముదం కోతలయ్యాక, మిగిలిన కట్టె పీక్కుపొమ్మనేవాళ్లు. మా అవ్వా, అమ్మా దాన్ని తలమీద మోసుకొచ్చి గోడవారన పేర్చేవాళ్లు. మళ్లీ కోతలు వచ్చేదాకా మా ఇంటికి అదే వేడి.

నేను రెండో తరగతి చదివే ఏడు ఆ కుప్ప నా నడుము దాకా కూడా లేదు. అంతకుముందటేడు వానలు ఎగ్గొట్టి ఆముదం మోకాలెత్తు లేవలేదు. అది చాలదన్నట్టు దసరా వెళ్లిన వారానికి అమ్మ నెలలు నిండకుండానే తమ్ముణ్ణి కన్నది. పిడికెడంత పిల్లాడు. మంత్రసాని వాణ్ణి చూసి పెదవి విరిచింది. "తల్లికీ పిల్లకూ పొద్దుమాపు వేడినీళ్లు తప్పొద్దు. మంచం కింద కుంపటి ఆరొద్దు. సలి తగిలిందంటే పిలగాడు దక్కడు" అని అవ్వతో చెప్పి పోయింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. విన్నాను కాబట్టే నేను చేసిన పనికి ఇవ్వాళ్టికీ సాకు దొరకదు.

అవ్వ ఆ రోజే కుప్ప ముందు చతికిలబడి కట్టెలన్నిటినీ చిన్న చిన్న కట్టలు కట్టింది. మగ్గం మీద తెగిన పోగుల్ని మా ఇళ్లలో పారేయరు. వాటితోనే కట్టింది. ఎర్ర పోగువి, అన్నిట్లోకీ పెద్ద కట్టలు, అమ్మకూ తమ్ముడికీ. తెల్లవి వంటకూ, నూలుకు పెట్టే గంజికీ. నీలం పోగువి గుప్పెడేసి పుల్లలే, బాపు, అవ్వ, నేను, మా ముగ్గురి స్నానాలకు. రోజుకు ఒక్కో రంగులో ఒక్క కట్టే. "ఎర్రయి ముట్టిండ్రంటే చేతులిరగ్గొడ్త" అని బాపుకూ నాకూ కలిపి చెప్పింది. బాపు నవ్వాడు. ఆ ఏడు మా ఇంట్లో నవ్వడానికి అంతకుమించి ఏమీ లేదు.

మా వాడకట్టు పిల్లలు తెల్లారగానే చలిమంట వేసేవాళ్లు. దానికో కట్టుబాటు ఉండేది. చేతిలో పుల్ల లేనిదే మంట దగ్గర జాగా లేదు. నేను రోజూ ఎండుటాకులు ఏరుకుపోయేదాన్ని. ఒకరోజు పక్కింటి రైతుల అక్క నా ఒడిలోకి తొంగిచూసి, "గిదేందే, మేకకు మేతా? మీ ఇంట్ల పుల్ల గూడ లేదా?" అంది. అందరూ పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉరుక్కుంటూ ఇంటికొచ్చి మూడు కట్టలు చంకన పెట్టుకొని పోయాను. ఎర్ర పోగువే. వాటి పుల్లలే సన్నగా, బాగా ఎండి ఉన్నాయి. రంగు చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. మూడూ ఒకేసారి మంటలో పడేశాను. మంట నా తల దాటి లేచింది. ఆ అక్క జరిగి నాకు జాగా ఇచ్చింది. అబ్బ, ఎంత గర్వపడ్డానో! ఆముదం కట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. పావుగంటలో అక్కడ బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చేసరికి అవ్వ కుప్ప దగ్గర నిలబడి ఉంది. నా జుట్టులో పొగ వాసన ఆమెకు తెలియకుండా ఉంటుందా! కొడుతుందని కళ్లు మూసుకున్నాను. "మంట మంచిగ మండిందా బిడ్డా?" అని అడిగింది. తలూపాను. "ఇగ పో, లోపలికి పోయి మొఖం కడుక్కో. మీ బాపుకు చెప్పకు" అంది. ఆ మాత్రంతో పోయిందనుకొని సంబరపడ్డాను కూడా. సిగ్గులేని సంబరం.

మర్నాడు అవ్వ ఇంట్లో అందరికీ వినబడేలా ఓ మాట చెప్పింది. "పిలగాడు దక్కాలని మొక్కుకున్న. కార్తీకమంత బాయికాడ చన్నీళ్లే పోసుకుంట." కార్తీకంలో చన్నీళ్ల స్నానం ఎవరికి కొత్త? ఎవరూ అడ్డు చెప్పలేదు. రోజూ చీకటి విడకముందే బావి దగ్గర ఆమె నీళ్లు గుమ్మరించుకునే చప్పుడు వినబడేది. తర్వాత వణుకుతూ వచ్చి అమ్మకు కాగు కింద మంట పెట్టేది.

పున్నమి పోయింది. అమావాస్య పోయింది. కార్తీకం అయిపోయి చలి ఎముకలు కొరికే రోజులొచ్చాయి. అవ్వ ఇంకా బావి దగ్గరికే పోతోంది. "కార్తీకం పోయింది గదనే అవ్వా, ఇంక చన్నీళ్లెందుకు?" అని అడిగాను.

"దేవుడు జర ఎక్కువ దినాలు అడిగిండు బిడ్డా" అని నవ్వింది. నవ్వుతుంటే పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ పక్కనే ఆ రోజు నీలం కట్ట విప్పి ఉంది. అందులోంచి తన వంతు నాలుగు పుల్లలు తీసి, పక్కన పెట్టి, ఎర్ర పోగు చుడుతోంది. నేను కాల్చిన మూడు కట్టలను ఆమె రోజుకు నాలుగు పుల్లల చొప్పున తిరిగి కడుతోందని అప్పుడు అర్థమైంది. మొక్కూ లేదు, పాడూ లేదు.

మర్నాడు నేను ఆమెకంటే ముందే బావి దగ్గరికి పోయి ఓ చెంబెడు చన్నీళ్లు నెత్తిన పోసుకున్నాను. ఊపిరి ఆగినట్టయింది. అవ్వ పరుగున వచ్చి నన్ను కొంగులో చుట్టి, వీపు మీద ఒక్కటి చరిచింది. "నీకు గూడ జరమొస్తె ఇంకో కుంపటి నేనేడికెల్లి తేవాలె? పోయిన కట్టె పోయింది. ఇప్పటిసంది ఏదన్న ముట్టేటప్పుడు అది ఎవలదో జర చూడు." ఇద్దరం అక్కడే ఏడ్చాం.

తమ్ముడు దక్కాడు. ఉగాది నాటికి బోర్లాపడి ఇల్లంతా నవ్వించాడు. అవ్వకు మాత్రం ఆ చలికాలంలో పట్టిన దగ్గు వదల్లేదు. రెండేళ్లు దగ్గి దగ్గి పోయింది. ముసలితనం అన్నారంతా. కావచ్చు. చన్నీళ్ల వల్లేనా అని నేను ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటి వచ్చాను. ఒంట్లో ఓపిక లేదు, చలి మొదలవుతుందంటేనే అలసట. మొన్న తమ్ముడు వచ్చి, నేను గీజరు ఆపడం చూసి కసిరాడు. "గీ సలిల గది బంద్ చేసుడేందక్కా? తెలంగాణ వచ్చినంక కరెంటుకు ఏం ఫికరు? రోజురోజుకు పిసినారివి అయితున్నవ్." ఎవరి కట్టెలు కాల్చానో వాడికి ఇన్నేళ్లలో చెప్పలేదు. చెబితే నవ్వేసి, చిన్నపిల్లవి కదక్కా అంటాడు. ఆ మాట అనాల్సింది వాడు కాదు.

అందుకే సగం బకెట్టు నిండగానే చేయి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. మిగిలిన వేడి నీదే అవ్వా, అనుకుంటాను. అది ఆమెకు చేరదని నాకు తెలుసు. అయినా ఆపకుండా స్నానాల గదిలోంచి బయటికి రాలేను.