హ్యూస్టన్‌లో అక్క గిన్నె

డెబ్భైల చివర్లో మేం హ్యూస్టన్‌లో దిగేసరికి ఎటు చూసినా క్రేన్లే. మా అపార్ట్‌మెంట్ గోడ అవతల ఉన్న గుంటూరావిడ నాకు అక్క అయింది. తోడబుట్టిన అక్క కాదు, కూర మాడిన వాసనకి తలుపు తట్టిన అక్క. "ఏమే, పొయ్యి మీద పెట్టి పడుకున్నావా?" అన్నది ఆవిడ మొదటి మాట. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రానికి స్టీలు గిన్నెలో పప్పుచారు తెచ్చింది, ఇంకేం కోపం!

గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. పులిహోర పెట్టి ఇచ్చాను. మర్నాడు అదే గిన్నెలో వంకాయ కూర వచ్చింది. ఇక అది రెండు వంటిళ్ళ మధ్యా తిరుగుతూనే ఉండేది. ఎవరింట్లో ఉంటే వాళ్ళ వంతు. వండే ఓపిక లేని రోజు గుప్పెడు పంచదారైనా పోసి ఇచ్చేవాళ్ళం.

ఆయిల్ కంపెనీల్లో జీతాలు పెరిగాయి, మగవాళ్ళకి సొంతిళ్ళ పిచ్చి పట్టింది. మాకు మాత్రం లేదా ఏంటి! ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నలుగురం ఒకే కార్లో ఊరి చివర వరి చేల దాకా పోయేవాళ్ళం. అమెరికాలో వరి చేలు! అక్క గట్టు మీద నిలబడి కళ్ళు తుడుచుకుంది. మరుసటేడు ఆ చేలు చదును చేసి ఇళ్ళు వేశారు. అక్కావాళ్ళు అక్కడే కొన్నారు. మేం మా ఆయన ఆఫీస్‌కి దగ్గరని ఊరికి ఈ కొసన కొన్నాం. "ఫ్రీవే పడుతోందిగా, ఇరవై నిమిషాలే" అని ఇల్లు అమ్మినాయన అంటే బుద్ధిగా తలూపాం. ఫ్రీవే పడింది. ఊరంతా వచ్చి దాని మీద పడింది.

సామాన్లు సర్దే గందరగోళంలో గిన్నె నాతో వచ్చేసింది. వంతు నాది. ఈ వారం ట్రాఫిక్, వచ్చే వారం ఓవర్‌టైమ్, ఆపై వారం పిల్లకి జ్వరం. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం, కానీ ఫోన్లో వాసన రాదే! కొత్తింట్లో వంటింటి గోడ అవతల గరాజ్. కూర మాడితే నేనే వెళ్ళి కిటికీ తీసుకునేదాన్ని. అక్క మీద ఎంత బెంగగా ఉండేదో.

తర్వాత ముడి చమురు ధర పడిపోయింది. క్రేన్లు ఆగిపోయాయి. అక్కావాళ్ళాయన ఉద్యోగం పోయింది. "డెట్రాయిట్ దగ్గర ఇంకోటి దొరికింది. శనివారం బయల్దేరుతున్నామే" అని ఫోన్ చేసింది.

ఆ శనివారం పొద్దున్నే పులిహోర కలిపి, గిన్నె నిండా నొక్కి, ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చున్నాను. "ఇంకాస్త స్పీడుగా పోనివ్వండి" అని దారంతా మా ఆయన ప్రాణం తీశాను.

వెళ్ళేసరికి ట్రక్కులోకి సామాను ఎక్కించేస్తున్నారు. అక్క మూత తీసి చూసింది. నవ్వలేదు.

"చెల్లుకి చెల్లు చేసేసి పోదామనుకున్నావా?" అంది. నేను బావురుమన్నాను.

పులిహోర పేపర్ ప్లేట్లలోకి తీసింది. కట్టేసిన అట్టపెట్టె ఒకటి టేపు చింపి, పంచదార డబ్బా వెతికి, గిన్నెలో గుప్పెడు పోసి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో. మళ్ళీ నీ వంతు."

పంచదార ఆ వారమే అయిపోయింది. వంతు ఇంకా నాదే.