చెన్నమ్మక్క వక్కాకు మానిన నెల

మొన్న నా కంటికి శుక్లం తీశారు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాను. మామూలుగా తిరగవచ్చన్నారు. పుస్తకం మాత్రం కొన్నాళ్లు ముట్టవద్దన్నారు. అయినా ఆ రోజంతా వెల్లకిలా, తల కదలకుండా పడుకుని, మా తోడికోడలు చెన్నమ్మక్కకు మనసులోనే దండం పెట్టుకున్నాను. కంటికోసం అలా పడుకోవడం ఆమె దగ్గర చూసిందే. అప్పుడు ఆమె నేర్పుతున్నది నాకు కాదు, మా అత్తకు.

అది పంతొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. నేను చిన్నకోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. మా అత్త నాగలక్ష్మమ్మకు చిన్నప్పుడే అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే జీవితమంతా పట్టు పోగులు అతికింది. ఇప్పుడు ఆ కంటికీ పొర కమ్మింది. అత్త పెద్దకొడుకు ముత్యాలప్ప బావ, చెన్నమ్మక్క ఆమెను రైలెక్కించి, గుంతకల్లు అవతల ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. పొర ఇంకా పండలేదు, నెల తర్వాత రమ్మన్నారు డాక్టరు. వచ్చేటప్పుడు నర్సమ్మ అక్కను పక్కకు పిలిచి చెప్పిందట, ఆపరేషన్ అయ్యాక తల కదపకూడదని, దగ్గకూడదని, తుమ్మితే కన్ను దక్కదని.

మా అత్తకేమో ముక్కుపొడి అలవాటు. ఆమె తుమ్మితే వీధి చివరి మగ్గం ఆగేది.

ఇంటికి వచ్చిన రోజే అక్క చేయి చాపింది. "అత్తా, ఆ పొడిడబ్బా ఇట్లియ్యి."

"ఎందుకే? నా పెండ్లినాటి నుంచి ఉండే అలవాటు. నువ్వు వక్కాకు మానుతావా, చెప్పు?"

అక్క నోరు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. వక్కాకు లేనిదే ఆమె చేయి పనికి సాగేది కాదు. నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"నీ కంటికట్టు విప్పేదాకా నేనూ ముట్టను. సరేనా?"

"చూస్తాం లే. ముసల్దానికి కనపడదని చాటున నములుతావు," అంటూనే అత్త డబ్బా ఇచ్చేసింది.

చిత్రావతిలో ఆ ఏడు నీళ్లు లేవు గానీ ఇసుకకు కొదవ లేదు. బావ తెచ్చిన ఇసుకను అక్క జల్లించి, పాత గుడ్డతో రెండు సంచులు కుట్టింది. ఆపరేషన్ నాటికి అలవాటు కావాలని, రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తను మంచం మీద పడుకోబెట్టి, తలకు అటొకటి ఇటొకటి సంచి పెట్టి, కళ్లకు గుడ్డ కట్టేది.

"బతికుండంగానే పాడె కట్టినావు గదే నాకు!"

"పాడె మింద ఎవురూ మాట్లాడరు అత్తా. నువ్వు మాట్లాడతానే ఉండావు."

సంగటి ముద్ద పడుకుని మింగితే గొంతుకు అడ్డం పడి దగ్గు వస్తుంది. అందుకని అక్క అటక మీది ఉగ్గుగిన్నె దించి, రాగిజావ కొంచెం కొంచెంగా ఆమె నోట్లో పోసేది.

"నీ మొగుడు తాగిన గిన్నె ఇది. ఇప్పుడు నా వంతు వచ్చినాది," అని అత్త నాతో నవ్వింది. ఆ గిన్నె ఇప్పుడు నా దగ్గరే ఉంది.

ఇక తుమ్ము సంగతి. ఎండుమిరపకాయల పోపు వేసే ముందు అక్క వంటింట్లోంచి కేకపెట్టేది: "అత్తా, నోరు తెరువు!" అత్త నోటితో ఊపిరి తీస్తూ, ముక్కు కింద వేలితో గట్టిగా అదిమి పట్టాలి. ఈ ఉపాయం అక్క ఎక్కడ విన్నదో నాకు తెలియదు. మొదట్లో పోపు పోపుకూ తుమ్మే పడేది. పోనుపోను మేమిద్దరం తుమ్ముతుంటే అత్త మాత్రం నోరు తెరుచుకుని గర్వంగా కూచునేది. "పొడి పోయిందని నేనేడిస్తే, పోపుకు మీరేడుస్తాండారు," అనేది. సందు దొరికితే మాత్రం అక్కను వదిలేది కాదు. "ఈ పొద్దు ఎన్ని ఆకులు నమిలినావే?" అని అడిగేది.

ఆపరేషన్‌కు నేనూ వెంట పోయాను. ఆసుపత్రి వరండా పక్కన రోగుల మనుషులు రాళ్లపొయ్యిల మీద వండుకునేవాళ్లు. కట్టు కట్టిన రెండో రోజో, మూడో రోజో ఎవరో మిరపకాయలు మాడ్చారు. ఘాటు వార్డంతా కమ్మింది. దగ్గు ఆగక నేను కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను. కిటికీలోంచి చూస్తే అక్క మంచం పక్కనే ఉంది. ఒక చేత్తో తన నోరు మూసుకుంది, రెండో చేయి అత్త గుండెల మీద ఉంది. అత్త నోరు తెరిచి ఉంది. వేలు ముక్కు కింద ఉంది. ఇసుక సంచుల మధ్య తల కదలలేదు.

ఘాటు తగ్గాక అత్త మెల్లగా అంది: "పోపు మాడిపాయ. ఎవురే ఆ వంటమనిషి?"

కట్టు విప్పే రోజు వచ్చింది. అద్దాలు పెట్టేదాకా అంతా మసకగానే ఉంటుందని, రంగులు మాత్రం తెలుస్తాయని డాక్టరు చెప్పారు. ఎదురుగా నిలబడ్డ కొడుకును కూడా చూడలేదు అత్త.

"చెన్నమ్మా, యాడుండావు? ఇట్ల రా. నోరు తెరువు."

అక్క వంగి నోరు తెరిచింది. అత్త ఆ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. పెదాల మీద గానీ, నాలుక మీద గానీ ఎరుపు లేదు.

"నిజంగానే ముట్టలేదే నువ్వు..." అత్త కొంగుతో కన్ను ఒత్తుకోబోయింది.

"ఏడ్చొద్దు అత్తా, కన్ను!" అని అరిచిన అక్కే ఏడుస్తోంది.

అత్త అప్పటికప్పుడు బావను బజారుకు తరిమి ఆకులు, వక్కలు తెప్పించింది. మంచం మీదే తడుముకుంటూ ఆకుకు సున్నం రాసి, చుట్టి, కోడలి నోట్లో పెట్టింది. మసక చూపుకు సున్నం ఎక్కువై అక్క నోరంతా పొక్కింది. ఆ మాట అత్త ఉన్నన్నాళ్లూ అక్క ఎవరితోనూ అనలేదు.