ఆటోలో కుదిర్చిన బేస్

కొత్త సంగీతం మా నాచారం దాకా రావడానికి పట్టినంత కాలం ఇంకెక్కడా పట్టి ఉండదు. విదేశాల్లో విడుదలైన డబ్‌స్టెప్ పాట ఒకటి దింపుకుందామని ఉప్పల్ నెట్ సెంటర్లో కూర్చుంటే, గంట గడిచాక, ఇంకాస్తలో అయిపోతుందనగా కరెంటు పోయేది. ఆ పాటల్లో మాటలు తక్కువ, బేస్ ఎక్కువ. చెవికంటే ముందు పొట్టలో తెలిసే ఆ మోత కోసం నేను పడ్డ తిప్పలు పగవాడికి కూడా వద్దు.

అప్పట్లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, పెళ్లి బరాత్‌లలో డీజేగా సినిమా పాటలు వేసేవాణ్ణి. ఇంట్లో పాత కంప్యూటర్ మీద సొంతంగా ఒక పాట కట్టాను. ఆరు నిమిషాలు, గొంతు లేదు, అంతా బేసే. నా కోరిక ఒక్కటే. సినిమా పాటకి కాదు, నా పాటకి ఒక క్లబ్బులో జనం ఒక్కసారి ఎగరాలి.

నా దగ్గరున్న స్పీకర్లేమో అరచేతిలో పట్టేవి. వాటిలో బేస్ అసలు వినపడదు. పెద్దవి తెస్తే గది ఖాళీ చేయమని ఓనరమ్మ ముందే చెప్పేసింది. అందుకని పక్క పోర్షన్‌లో ఉండే ఆటో అన్నను పట్టుకున్నాను. జనగామ వైపు మనిషి, నాచారం నుంచి ఉప్పల్‌కు షేర్ ఆటో నడిపేవాడు. వెనక సీటు వెనకాల రెండు పెద్ద సౌండు డబ్బాలు బిగించుకున్నాడు. ఇంట్లో టీవీ లేదు గానీ ఆ డబ్బాల మీద మాత్రం దుమ్ము పడనిచ్చేవాడు కాదు.

రోజూ సాయంత్రం పాటను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. మొదటి రోజే వెనక ఉన్న ఒక టీచరమ్మ, ఇదేం పాట, గుండెలు అదురుతున్నాయని గోల పెట్టింది. ఇంటికెళ్లి బేస్ తగ్గించాను. మర్నాడు ఇంకొకాయన పళ్లు కదులుతున్నాయన్నాడు. మళ్లీ తగ్గించాను. ఇలా నెల రోజులు ఉప్పల్ రింగు రోడ్డులో దిగే ప్రతివాడూ నాకు సలహాదారుడే. చివరికి ఎవరూ ఏమీ అనని రోజు వచ్చింది. పాట కుదిరిందని ఇద్దరం మిర్చి బజ్జీలు తిన్నాం. ఆ డబ్బాలే ఉన్న బేస్‌ని మూడింతలు చేసి మోగిస్తున్నాయన్న ఇంగితం నాకు లేకపోయింది.

సికింద్రాబాద్‌లో ఒక హోటల్ సెల్లార్‌లో ఉన్న క్లబ్బులో, ఆదివారం మధ్యాహ్నం కాలేజీ పిల్లల పార్టీకి గంటసేపు వాయించే అవకాశం దొరికింది. చివరి పది నిమిషాలు నా సొంత పాటకి ఇచ్చారు. ఆటో అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని తనే దగ్గరుండి తీసుకెళ్లాడు. తీరా చూస్తే, వాయించే నాకు తప్ప ఎవరికైనా జంటగా వస్తేనే లోపలికి ప్రవేశమట. గేటు దగ్గరి మనిషితో ఎంత వాదించినా రూలు రూలే అంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నా కోసం లొల్లి వెట్టకు తమ్మి. నేను ఈడనే ఉంట, నువ్వు పో," అన్నాడు అన్న.

లోపల సినిమా పాటలు నడిచినంతసేపూ పిల్లలు చెమటలు కారేలా ఎగిరారు. తర్వాత నా పాట మొదలైంది. బేస్ అందుకోవాల్సిన చోట టకటకమని పైచప్పుడు తప్ప ఏమీ రాలేదు. నిలువెత్తు స్పీకర్లు నాలుగున్నాయి, అవి పలకడానికి నేనే ఏమీ మిగల్చలేదు. నెల రోజులుగా ఆటోలో కూర్చొని బేసంతా తోడిపారేశాను. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు. రెండో నిమిషంలోనే మేనేజర్ వచ్చి సినిమా పాట వేయమన్నాడు. వేశాను. అందరూ లేచి మళ్లీ ఎగిరారు. వాళ్ల మీద, నా మీద, అన్నింటికంటే ఆ దిక్కుమాలిన డబ్బాల మీద పిచ్చి కోపం వచ్చింది. బయటికెళ్లగానే వాటి యజమానిని గట్టిగా కడిగేయాలని మెట్లెక్కాను.

ఆయన రోడ్డు అవతల ఎండలో ఆటోకి ఆనుకొని నిలబడి ఉన్నాడు. నేను బయటికొచ్చేసరికి తను కనబడడేమోనని బేరాలన్నీ వదులుకున్నాడట.

"ఎట్లయింది తమ్మి? మన పాటకు ఎగిరిన్రా?"

"మస్తు ఎగిరిన్రన్న," అన్నాను.

"నాకు ఎర్కనే. ఎవరి డబ్బాలల్ల కుదిరింది మరి."

తార్నాక దాకా నా పాటే పెట్టాడు, ఫుల్ సౌండ్‌లో. అక్కడ సిగ్నల్ పడ్డాక సౌండు తగ్గించి నా వైపు తిరిగాడు.

"మల్ల ఎప్పుడు పిలుస్తరో జర ముందుగాల చెప్పు. మీ వదినను తోల్కొస్త. జంటగ వస్తే లోపటికి రానిస్తరు గద."

చెబుతానన్నాను.